చాపలు చెప్పే రోజు

“...అని నేనెప్పుడన్నాను? చర్చి మెట్ల మీద నిలబడి మాటిచ్చేసింది నువ్వు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పావా?”

“చెప్పడానికేముందే, ఒక్క మనిషి. మేరమ్మగారు పోయాక ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. పక్కింట్లో ఉండి మనం కూడా పిలవకపోతే ఏం బాగుంటుంది?”

“నీకు బాగానే ఉంటుంది. రాత్రయితే నువ్వు మగాళ్ళతో వరండాలోకి పోతావు. పక్కన పడుకోవలసింది నేను. తెల్లార్లూ మాట్లాడుతుంది ఆవిడ. మేరమ్మగారే చెప్పారు నాతో. ‘రెండు రాత్రులూ ఊఁ కొట్టి కొట్టి నా గొంతు పోతుందే పుష్పా, ఆదివారం ఇంటికొచ్చి పడుకుంటే మంగళవారం లేస్తాను’ అని.”

“నెమ్మదిగా. మధ్యలో ఉన్నది చెక్క గోడ.”

“వింటే విననీ!” అంది పుష్పవతి. అని గొంతు తగ్గించేసింది. తగ్గించినా వినపడింది. “నెలంతా నైట్ డ్యూటీలు చేసి, రెండ్రోజులు ప్రార్థనా నిద్రా దొరుకుతాయని పోతాను. నాక్కూడా థోడా ఆరామ్ కావాలి కదా.”

గోడకి ఇవతల ప్రేమావతి కత్తిపీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. మొదటి మాటలకే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు మళ్ళీ కోరడం మొదలుపెడితే ఇంతసేపూ ఆగిందని వాళ్ళకి తెలిసిపోతుంది. మొదలుపెట్టకపోయినా తెలుస్తుంది, ఆమె ఇంట్లోంచి ఆ వేళప్పుడు ఏదో ఒక చప్పుడు రాకుండా ఉండదు. సగం చిప్ప చేతిలో పట్టుకుని, పక్కింటి దేవప్రసాద్ సైకిలు మెట్లు దిగి రోడ్డెక్కేదాకా అలాగే కూర్చుంది.

ఆ కొబ్బరి రేపటి ప్రయాణం కోసం. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మిన్నీ బేలోని తెలుగు చర్చి వాళ్ళందరూ బస్సు మాట్లాడుకుని ఫెరార్గంజ్ వెళతారు. ఆదివారం సాయంత్రం తిరిగి వస్తారు. కుర్రాళ్ళు దాన్ని రిట్రీట్ అంటారు, పెద్దవాళ్ళు కూడికలంటారు. మొదట్లో అక్కడ హాలూ లేదు, గదులూ లేవు. కన్నారావని ఒక రైతు తన కళ్ళం ఊడ్చి ఇస్తే, ఎవరి చాప వాళ్ళు తెచ్చుకుని పరుచుకున్నారు. ఇంటికొక చాప. దాని మీదే కూర్చుని వాక్యం వినడం, దాని మీదే తినడం, పొద్దున్నే దాని మీదే మోకరించి ఆ ఇంటివాళ్ళంతా కలిసి ప్రార్థన చేసుకోవడం. రాత్రి మగవాళ్ళు బయటికి పోతే ఆడవాళ్ళూ పిల్లలూ ఆ చాప మీదే పడుకునేవాళ్ళు. తర్వాత సిమెంటు గచ్చుతో పెద్ద హాలు కట్టారు, కరెంటు కూడా వచ్చింది. చాపల పద్ధతి మాత్రం పోలేదు.

ఒక్కళ్ళే ఉన్నవాళ్ళని ఎవరో ఒకరు తమ చాపలో కలుపుకోవాలి. కలుపుకుంటామని వాళ్ళే వచ్చి పిలవాలి, కావాలని ఇవతలి వాళ్ళు అడగకూడదు. బయలుదేరే ముందురోజు సాయంత్రం ప్రార్థన అయ్యాక ఇంటిపెద్దలు లేచి, ఎవరి చాపలో ఎవరెవరున్నదీ చెబుతారు. దాన్ని చాపలు చెప్పడం అంటారు. ఇవాళ ఆ సాయంత్రమే.

ప్రేమావతి భర్త జీవానందం హార్బరు పనులకి తొలిరోజుల్లో వచ్చినవాళ్ళలో ఒకడు. కాకినాడ దగ్గర పల్లెలో పెళ్ళి చేసుకుని, పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో ఆమెని ఓడలో ఈ దీవులకి తీసుకొచ్చాడు. పిల్లలు కలగలేదు. అతను ఉన్నంతకాలం వాళ్ళకీ ఒక చాప ఉండేది. అతని పేరు పెద్దగా చదివేవాళ్ళు, అతను లేచి, “మేమిద్దరమే అయ్యగారూ, కానీ చాప పెద్దది. ఎవరొచ్చినా చోటుంది,” అని అందరినీ నవ్వించేవాడు. అతను పోయిన ఏడు స్నేహితురాలు మేరమ్మ ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, “నా చాపలోకి రా, ఇంకేం మాట్లాడకు,” అంది. అప్పటినుంచీ ప్రతి ఏడూ అదే. మొన్న వానాకాలంలో మేరమ్మ పోయింది. అంతకు ముందే, మార్చిలో, బాల్వాడీలో ప్రేమావతి ఆయా ఉద్యోగం అయిపోయింది. ఆ పిల్లల గోల కూడా లేకుండా పోయింది.

తెల్లార్లూ మాట్లాడుతుంది.

ఆమె కొబ్బరి చిప్ప కింద పెట్టి చెయ్యి తుడుచుకుంది. ఏం మాట్లాడేది? బాల్వాడీ పిల్లల సంగతులు. జీవానందం మొదటిసారి ఓడెక్కించినప్పుడు తను నాలుగు రోజులూ వాంతులు చేసుకున్న సంగతి. చీకట్లో మేరమ్మ ఊఁ అనేది. ఒక్కోసారి ఆ ఊఁ చాలాసేపటికి వచ్చేది. శ్రద్ధగా వింటోందని అనుకునేది తను. ఏడాది పొడుగునా ఏ రాత్రీ చెయ్యి చాస్తే తగిలే దూరంలో మనిషి ఉండదు. ఆ రెండు రాత్రులూ ఉంటుంది. ఏ ఇంటి పిల్లో నిద్రలో దొర్లి వచ్చి కాలు మీద వేస్తుంది. ఆ కాలు తియ్యకుండా ఆమె అలాగే పడుకునేది. వాక్యం మీద ఆశ లేదని కాదు, కానీ ప్రతి ఏడూ జనవరి నుంచే ఆమె ఎదురుచూసేది దేనికోసమని ఎవరైనా నిలదీస్తే, ఆ కాలి బరువు కోసమని చెప్పవలసి వచ్చేది.

కొబ్బరి ఉండలకి బెల్లం కొట్టబోయి ఆగింది. ఎంతమందికి చెయ్యాలో తెలియలేదు. చాపలో కలిసేవాళ్ళు ఆ చాపకి తినడానికి ఏదైనా పట్టుకెళ్ళడం మర్యాద. దేవప్రసాద్ వాళ్ళయితే పిల్లలిద్దరూ తీపి బాగా తింటారు. కానీ ఆ మాటలు విన్నాక వాళ్ళ చాప మీద ఎలా కూర్చోవడం? ఇంకెవరైనా పిలిస్తే బాగుండును. పిలవడానికి వాళ్ళకి తను కనపడాలి కదా. దోమతెర మూల చిరిగి ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని, తాళం వేసి, మిడిల్ పాయింట్ బస్సెక్కింది.

మిడిల్ పాయింట్‌లో కాసులమ్మకి బ్లౌజులు కుట్టే కొట్టుంది. ఒకే చర్చి. జీవానందం బతికున్నప్పటినుంచి రాకపోకలున్న ఇల్లు. ప్రేమావతిని చూడగానే ఆమె మిషన్ తొక్కుతూనే కేకేసింది.

“రా వదినా రా! నన్ను చూడ్డానికొచ్చావా, పని మీదొచ్చావా? పనయితే పైసలు, చూడ్డానికయితే చాయ్.”

“రెండూ. ఈ దోమతెర చూడు.”

“అరే, ఇది తెరా, చేపల వలా? ఫెరార్గంజ్ దోమలు దీన్లోంచి పిల్లాపాపలతో దూరొస్తాయి. ఇలా పారెయ్, కుట్టిస్తాను.”

కాసులమ్మ అతుకు వెతుకుతోంది. ప్రేమావతి స్టూలు మీద కూర్చుని, గోడకి వేలాడుతున్న జాకెట్లు చూస్తూ మామూలుగా అన్నట్టు అంది. “ఈసారి మీ చాపలో చాలామందేనా?”

కాసులమ్మ వెతకడం ఆపింది. ఎంతమంది అని అడగడం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. కాసులమ్మ అతుకుగుడ్డని మోకాలి మీద పరిచి, అరచేత్తో సాపు చేసింది.

“చాలామందే వదినా. రంగత్ నుంచి మా కోడలి పుట్టింటివాళ్ళు దిగారు, ఆరుగురు. రెండు చాపలు కలిపి కుట్టాలేమో అనుకుంటున్నాం. అయినా...” కళ్ళెత్తింది. “నిన్ను దేవప్రసాద్ కలుపుకున్నాడటగా. మొన్న చర్చి దగ్గర అందరిలో చెప్పాడు. ఒకరి చాపకి మాటయిన మనిషిని ఇంకొకరు పిలిస్తే తగువు కదా. లేకపోతే నేనే వచ్చేదాన్ని, కసమ్ సే.”

“ఆ, చెప్పాడు. ఊరికే అడిగాను.”

“పుష్పవతి మంచిదేలే. కాకపోతే కాస్త నోరెక్కువ.”

“నోరు నాకు మాత్రం తక్కువా?” అంది ప్రేమావతి.

కాసులమ్మ పకపకా నవ్వింది. ఆ మాటకి నవ్వవలసిన దానికంటే ఎక్కువసేపే నవ్వింది. నవ్వి, చటుక్కున తలవంచుకుని, ఎక్కే ఉన్న దారాన్ని సూదిలోంచి లాగి మళ్ళీ ఎక్కించింది. ప్రేమావతి ఆ వేళ్ళకేసి చూస్తూ కూర్చుంది. అయితే ఈవిడకీ తెలుసు. చర్చిలో అందరికీ తెలుసు. తెలిసి, ఏళ్ళ తరబడి ఎవరూ తనతో అనలేదు. మేరమ్మ కూడా అనలేదు, ఊఁ కొట్టింది.

కాసులమ్మ డబ్బులు తీసుకోలేదు. “చాయ్ తాగి వెళ్ళు, పిల్లాణ్ణి పంపుతాను,” అంది. ప్రేమావతి బస్సు తప్పిపోతుందని లేచింది.

బస్ స్టాపులో నిలబడి ఒక నిర్ణయానికి వచ్చింది. ఇక ఉన్నది దేవప్రసాద్ చాప ఒక్కటే. అది వద్దనుకుంటే ఇంట్లోనే ఉండిపోవాలి. రేపు మధ్యాహ్నం పక్కింటివాళ్ళు కూడా బయలుదేరిపోతారు. గోడకి అవతల గిన్నె చప్పుడు కూడా ఉండదు. ఆదివారం దాకా ఆ రెండు వాటాల్లోనూ తనొక్కతే. కాబట్టి వెళ్ళాలి. వెళ్ళి, దీపం తీసేశాక నోరు మూసుకుని పడుకోవాలి. అంతే కదా? దానికేముంది? ఎవరూ చెయ్యనిదా? మిన్నీ బే వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంటే, రాత్రి కూడా కూర్చోగలనని తెలిసిపోతుంది.

కిటికీ పక్క సీటు దొరికింది. తర్వాతి స్టాపులో చంకలో బియ్యం మూటతో రాంచీ వైపు నుంచి కూలిపనులకొచ్చి స్థిరపడ్డవాళ్ళ మనిషి ఒకామె ఎక్కింది. తన వయసే ఉంటుంది.

“దీదీ, థోడా సర్కో.”

ప్రేమావతి జరిగింది. తలూపింది, అంతే. ఆ మనిషి మూటని ఒళ్ళో పెట్టుకుని, చెంగుతో మొహం తుడుచుకుని, “ఎండ చూశావా దీదీ, నీళ్ళు లేవు ఏమీ లేవు,” అని హిందీలో నిట్టూర్చింది.

నీళ్ళ మాట వచ్చింది కనుక, తమ వీధిలో కూడా రోజు విడిచి రోజే వస్తున్నాయని ప్రేమావతి చెప్పింది. అది మర్యాదకి చెప్పవలసిన జవాబే. ఇవాళ నీళ్ళొచ్చే రోజని చెప్పింది. రేపు ఊరెళ్ళాలి కాబట్టి ఇవాళే డ్రమ్ము నింపుకోవాలంది. ఎక్కడికంటే ఫెరార్గంజ్‌కి. అక్కడ మా వాళ్ళ చర్చి హాలుంది, అది కట్టినప్పుడు మా ఆయన ఇసక మోశాడు. ఆయన హార్బరులో పనిచేసేవాడు, మనిషి మంచివాడు, చేపంటే ప్రాణం, గుండెనొప్పితో పోయాడు. అప్పుడు బాల్వాడీలో పనిచేసేదాన్ని. అందులో ఒక పిల్ల ఉండేది, రోజూ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని తిరిగేది, ఇప్పుడు పెద్దదైపోయి రోడ్డు మీద కనపడితే గుర్తుపట్టదు. ఆ మనిషి “హా జీ, హా జీ” అంటోంది. మేరమ్మని ఒక స్నేహితురాలుండేది. ఆవిడ చాపలో కలుపుకునేది. చాపంటే ఏమిటంటే...

“హా జీ” రావడం ఆగి కొంతసేపయింది. ప్రేమావతి పక్కకి తిరిగి చూసింది. బియ్యం మూట మీద గడ్డం ఆనించి ఆ మనిషి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఎప్పుడు నిద్రపోయిందో తెలియదు.

“దీదీ, మిన్నీ బే! దిగుతారా, తిరుగు ట్రిప్పు కూడా కొట్టిస్తారా?” కండక్టరు తలుపు చరిచాడు.

ఆమె లేచి, ఆ మనిషి మోకాళ్ళు తగలకుండా ఒదిగి దాటుకుని దిగింది.

ఇంటి ముందు ఆమె డ్రమ్ము నిండి ఉంది. మూత కూడా పెట్టి ఉంది. తాళం తీస్తుంటే పక్క వాటాలోంచి పుష్పవతి వచ్చింది. పగలు పడుకుని లేచిన మొహం, కళ్ళ కింద నల్లగా ఉంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటోంది.

“నీళ్ళు తొందరగా వచ్చేశాయి పెద్దమ్మా. మీరు లేరని మీది కూడా పట్టేశాను.”

“మంచిపని చేశావమ్మా.”

“సాయంత్రం ఈయన మీ పేరు చెబుతారు. మా చాపలోకి రావాలి మీరు. ముందే వచ్చి పిలవాల్సింది, డ్యూటీల్లో కుదర్లేదు. ఏమనుకోకండి.”

మాట శుభ్రంగా ఉంది. అభ్యాసం చేసుకుని వచ్చినట్టు కూడా ఉంది. ప్రేమావతి ఆమె మొహంలోకి చూసింది. కోపం రాలేదు. పొద్దుటినుంచీ కోపం కోసం లోపల వెతుక్కుంటూనే ఉంది. దొరికితే సులువుగా ఉండేది. ఈ పిల్ల నిలబడే నిద్రపోయేలా ఉంది.

“చూద్దాంలే,” అంది.

“చూద్దాం ఏంటి? పిల్లలు అప్పుడే దెబ్బలాడుకుంటున్నారు, ప్రేమావతి నానీ నా పక్కంటే నా పక్కని. కొబ్బరి ఉండల వాసన పట్టేశారు, షైతాన్‌గాళ్ళు.”

“చేస్తున్నాను. పంపిస్తాను.”

పుష్పవతి కాసేపు అక్కడే నిలబడింది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారింది. “ఒంట్లో బాగాలేదా పెద్దమ్మా? ఏం మాట్లాడట్లేదు మీరు.”

“ఎండ,” అంది ప్రేమావతి.

లోపలికి వెళ్ళి బెల్లం కొట్టింది. పాకం పెట్టి, కొబ్బరి వేసి కలియబెట్టి, చేతికి నూనె రాసుకుని ఉండలు చుట్టింది. చుట్టినవన్నీ ఒక డబ్బాలో సర్ది, పక్కింటి గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి వచ్చేసింది. తనకంటూ ఏమీ ఉంచుకోలేదు. తర్వాత గుడ్డసంచి దులిపి, తెల్లచీర మడత పెట్టింది. బైబిలు తువ్వాల్లో చుట్టింది. కంచం, గ్లాసు, టార్చి, కుట్టించుకొచ్చిన దోమతెర పెట్టింది. వెళ్ళేదీ మానేదీ తేలకుండా సంచి మాత్రం నిండిపోయింది. నోట్లో మాట ఆగదని బస్సులోనే తెలిసిపోయింది. ఆ చాప మీద పడుకుంటే మొదటి రాత్రే మొదలుపెడుతుంది. పుష్పవతి మర్యాదకి ఊఁ అంటుంది. ఇప్పుడు ఆ ఊఁ అంటే ఏమిటో తెలిసి కూడా తను ఆపుకోలేకపోతుంది. మానేస్తే, ఈ గది.

మంచం కింద జీవానందం కొన్న చాప ఉంది. అతను పోయాక విప్పలేదు. బయటికి లాగి, గోడవారన దొర్లించి చూసింది. ఒక అంచు చెదలు తినేశాయి. మిగతాది బాగానే ఉంది. తడిగుడ్డతో రెండువైపులా తుడిచి, మెట్ల మీద ఎండలో వేసింది. ఎందుకు వేస్తున్నదీ తనకే ఇంకా తెలియదు. వెలుతురు పోయేలోగా చుట్టి లోపల పెట్టి, మొహం కడుక్కుని చర్చికి బయలుదేరింది.

రేకుల కప్పు కింద ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు కూర్చున్నారు. ఎప్పుడూ వారం మధ్య ప్రార్థనకి రానివాళ్ళు కూడా వచ్చారు. ప్రార్థన త్వరగా ముగించి, పాస్టరు యేసురాజు అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుని, “ఇక చాపలు చెప్పండి. ఒక్కొక్కరుగా. కుర్రాళ్ళూ, మాటలాపండి,” అన్నారు.

మిడిల్ పాయింట్ వాళ్ళతో మొదలైంది. కాసులమ్మ పెద్దకొడుకు లేచి రంగత్ చుట్టాల పేర్లు చదువుతుంటే వెనకనుంచి ఎవరో, “ఇంకో బస్సు మాట్లాడండ్రా,” అన్నారు. నవ్వులు. ఒక్కో ఇంటికీ అందరూ ఆమేన్ అంటున్నారు. కొత్తగా పెళ్ళయిన కుర్రాడు లేచి, “మేమిద్దరం,” అని సిగ్గుపడి కూర్చుంటే మళ్ళీ నవ్వులు. ప్రేమావతి కూడా నవ్వింది. పేర్లు వింటూ ఆడవాళ్ళ వరసల్లోకి చూసింది. పేరు వచ్చినప్పుడల్లా ఆ ఇంటి ఆడది కొంచెం నిటారుగా కూర్చుంటోంది. పుష్పవతి ఆమెకి రెండు వరసల ముందుంది. చిన్నపిల్ల ఆమె ఒళ్ళో కొబ్బరి ఉండ కొరుకుతోంది.

మిన్నీ బే వాళ్ళు ఆఖర్న వచ్చారు.

“దేవప్రసాద్,” అన్నారు అయ్యగారు.

దేవప్రసాద్ లేచి చొక్కా సర్దుకున్నాడు. “మా చాపలో మేమిద్దరం, పిల్లలిద్దరూ అయ్యగారూ. ఇంకా మా పక్కింటి...” అని తల తిప్పి ఆడవాళ్ళ వైపు వెతికాడు. పుష్పవతి నిటారుగా కూర్చుని, ఎదర గోడకేసి చూస్తోంది.

అప్పటికే ప్రేమావతి లేచి నిలబడి ఉంది. ఆడవాళ్ళ వైపు నుంచి చాప చెప్పడానికి ఎవరూ లేవరు. ముందు వరసల్లోవాళ్ళు వెనక్కి తిరిగారు. అయ్యగారు కళ్ళద్దాలు సవరించుకున్నారు.

“ఏమ్మా ప్రేమావతీ?”

ఆమె ముందున్న బల్ల అంచు పట్టుకుంది.

“దేవప్రసాద్ బాబు నన్ను పిలిచాడు, పుష్పవతి కూడా ఇంటికొచ్చి పిలిచింది. వాళ్ళ తప్పేం లేదు అయ్యగారూ. నాది వేరే చాప. ఒక్కదాన్నే. తలుపు పక్కన వేసుకుంటాను.”